రెండో వార్డు జనం

మార్డెల్ హెప్నర్ మా ఊరి మునిసిపాలిటీకి కౌన్సిలర్‌గా గెలిచింది మూడే మూడు ఓట్లతో. నవ్వకండి. ఒకటి మొగుడు లైల్ వేసింది, ఒకటి పక్కింటి ఆర్లీన్ బోన్ వేసింది, మూడోది ఎవరు వేశారో ఇప్పటికీ తెలియదు. ఆర్లీన్ కుక్కకు కూడా ఒక ఓటు పడింది. రెండో వార్డుకు ఆ ఏడు ఎవరూ నామినేషన్ వేయలేదు. ఓటు కాగితం మీద పేర్లుండాల్సిన చోట ఖాళీ గీత ఒక్కటే ఉంది, ఎవరికి తోచిన పేరు వాళ్లు దాని మీద రాసుకోవచ్చు. పొద్దున్నే రెండు బీర్లు పట్టించి వెళ్లిన లైల్ పెళ్లాం పేరు రాసేసి, ఆ ఘనకార్యాన్ని సాయంత్రం దాకా కడుపులో దాచుకోలేక అవస్థపడ్డాడు.

వార్డన్నాక వెయ్యి మందైనా ఉండరా, మూడు ఓట్లేమిటి అంటారేమో. ఉన్నారు, పదమూడు వందల పైచిలుకే ఉన్నారు. అందరూ జైల్లో ఉన్నారు. మా వెండల్ ఫాల్స్ ఊళ్లో నదికీ క్వారీ వీధికీ మధ్య రాతిగోడల జైలుంది. జనాభా లెక్కలవాళ్లు లోపలి ఖైదీలను కూడా ఊరి జనంలోనే కలిపేసి రాసుకుపోతారు. వార్డు వార్డుకూ జనం సమానంగా ఉండాలి కాబట్టి, ఊరిని ఆరు ముక్కలు చేసినప్పుడు జైలు మొత్తం ఒక ముక్కకు పోయింది, దానికి అంటుకుని క్వారీ వీధిలో నాలుగిళ్లు. ఖైదీకి ఓటు లేదు. మిగతా కౌన్సిలర్లు మంచులో ఇంటింటి తలుపూ తట్టి తెచ్చుకునే కుర్చీ మార్డెల్‌కు పక్కింటి కుక్కను ఓడిస్తే వచ్చేసింది.

ఆవిడకు అప్పుడు యాభై నాలుగేళ్లు. ఆ జైలు వంటింట్లోనే సూపర్‌వైజరు. కత్తులన్నీ గొలుసులతో బల్లలకు కట్టి ఉండే ఆ వంటింట్లో ఖైదీల చేత ఉల్లిపాయలు కోయించడం, గంగాళాల్లో బీన్స్ ఉడికించడం ఆవిడ పని. పదవి వద్దని చెప్పడానికే మునిసిపల్ ఆఫీసుకు వెళ్లింది. అక్కడి గుమాస్తా చెయ్యి కలిపి "కంగ్రాట్స్, మేడమ్" అనేసరికి వద్దనే మాట నోట రాలేదు. ఎవరు మాత్రం కాదంటారు లెండి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఎవరో మేడమ్ అన్నారు.

మొదటి మీటింగులోనే పరువు పోయింది. పార్కులో బెంచీలకు రంగు వేయించాలని తీర్మానం పెట్టి, దాన్ని ఇంకొకరు బలపరచాలని తెలియక, ఎవరూ మాట్లాడకపోయేసరికి తనే బలపరిచింది. మేయరు గ్యారీ స్టెంగెల్‌కు ఊళ్లో ఇనుప సామాన్ల కొట్టుంది, ఎదుటివాడి మేకు వంకర పోతే ముందు చూసేది ఆయనే.

"ఆగు ఆగు మార్డెల్! నువ్వే పెట్టి, నువ్వే బలపరిచి, ఇంకాస్త ఉంటే చప్పట్లు కూడా నువ్వే కొట్టేట్టున్నావే!" అన్నాడు. హాలంతా గొల్లుమంది.

ఆ ఏడాదంతా ఆవిడ ఆ హాల్లో నోరు విప్పలేదు. చెయ్యెత్తమన్నప్పుడు పక్కవాళ్లను చూసి ఎత్తేది. జనవరి వచ్చేసరికి మాత్రం ఎవరితోనూ చెప్పకుండా లార్కిన్ అనే ఊళ్లోని రెండేళ్ల కాలేజీకి వెళ్లి "అమెరికా ప్రభుత్వం" అనే పాఠానికి చేరి వచ్చింది. వారానికి రెండు మధ్యాహ్నాలు. ఇంట్లో ఆ లావుపాటి పుస్తకం చూసి లైల్ కళ్లు తేలేశాడు.

"ఏమమ్మా కౌన్సిలరమ్మగారూ, ఇదేంటిది? వాషింగ్టన్ గానీ పోదామనా?"

"నోర్మూసుకుని తిను. నువ్వు చేసిన పనికే కదా నేనిప్పుడు పిల్లల మధ్య కూర్చోవాల్సొచ్చింది."

"నేను నీ పేరు రాసింది సరదాకే మార్డీ."

"నాకు తెలుసు సరదాకని. ఊరంతటికీ తెలుసు."

లైల్ ఆ పుస్తకాన్ని మెల్లగా ఆవిడ వైపు జరిపాడు, పాపం. పెళ్లాం మనసు అంత నొచ్చుకుందని అతను అనుకోలేదు.

క్లాసులో పందొమ్మిదేళ్ల పిల్లలు. నర్సులు కావాల్సినవాళ్లు, పోలీసులు కావాల్సినవాళ్లు, అందరికీ ఈ పాఠం తప్పనిసరి కాబట్టి వచ్చి, టోపీలు కళ్ల మీదికి లాక్కుని కూర్చునేవాళ్లు. చెప్పేది ప్రొఫెసర్ ఒడెస్సా ప్రూయిట్. మిల్వాకీ నుంచి వచ్చిన నల్లజాతి మనిషి, గట్టి గొంతు, చేతిలో ఎప్పుడూ చల్లారిపోయిన కాఫీ. మార్డెల్ ముందు వరసలో కూర్చుని ప్రతి మాటా రాసుకునేది. సెనేట్‌లో ఎందరు, సుప్రీంకోర్టులో ఎందరు, అధ్యక్షుడు వద్దన్న చట్టాన్ని మళ్లీ నెగ్గించడానికి ఎన్ని ఓట్లు కావాలి, అన్నీ నోటికి వచ్చేశాయి. బుర్ర ఇంత పనిచేస్తుందని ఆవిడకే తెలియదు. ఇన్నాళ్లూ దాన్ని బీన్స్ ఉడికించడానికే వాడింది మరి.

ఒక రోజు ప్రొఫెసర్ అంది: "ప్రతినిధి అంటే ఓటేసినవాళ్లకు మాత్రమే ప్రతినిధి కాదు. ఓటు లేని పసిపిల్లలకు, ఓటెయ్యని బద్ధకస్తులకు, నీ మొహం చూస్తే గిట్టనివాళ్లకు, నీ నియోజకవర్గం చుట్టూ గీసిన గీత లోపల ఉన్న ప్రతి ప్రాణికీ. అర్థమైందా?"

మార్డెల్ చెయ్యెత్తింది. "జైల్లో ఉన్నవాళ్లకు కూడానా అండీ?"

"గీత లోపల ఉన్నారా?"

"నా గీత లోపల వాళ్లు తప్ప పెద్దగా ఎవరూ లేరండీ."

పిల్లలు నవ్వారు. ప్రొఫెసర్ నవ్వలేదు. "అయితే వాళ్లు నీవాళ్లే" అని బోర్డు వైపు తిరిగింది.

నీవాళ్లే. ఇంటికి కారు నడుపుకుంటూ వస్తున్నంతసేపూ మార్డెల్‌కు ఆ మాటే. పద్దెనిమిదేళ్లుగా ఆ మనుషులకు వడ్డిస్తోంది గానీ, వాళ్లు తనకేమైనా అవుతారన్న ఆలోచన రాలేదు. భయమూ వేసింది, కొంచెం గర్వంగానూ అనిపించింది.

మర్నాడు వంటింట్లో డ్రేపర్‌తో చెప్పింది. క్లీవన్ డ్రేపర్ గ్రేవీ గంగాళం దగ్గర పనిచేసేవాడు. అరవై దగ్గర పడ్డ నల్లమనిషి. వయసులో ఉండగా చేసిన దోపిడీలో ఒక మనిషి చనిపోయాడు, ఆ శిక్ష ఇంకా నడుస్తోంది, ఈ జైలుకు మార్చి పదకొండేళ్లు. గుండె మంచిది కాదు, నాలుక కింద పెట్టుకునే చిన్న మాత్రలు ఎప్పుడూ జేబులో ఉండేవి. జైల్లో ఎవరితోనైనా మంచిగా ఉండొచ్చు గానీ చనువు పనికిరాదని నియమం. డ్రేపర్ దగ్గర మార్డెల్ ఆ నియమాన్ని రోజుకోసారి మర్చిపోయేది.

"అంటే, మిస్ మార్డెల్, మీరు నా కౌన్సిలరా?" గరిటె ఆపి చూశాడు డ్రేపర్.

"అలాగే ఉంది చూడబోతే."

"పదకొండేళ్లుగా ఈ వార్డులో కాపురముంటున్నాను. ఒక్కసారైనా ఓట్లడగడానికి వచ్చారా నా గుమ్మంలోకి? ఒక్క కరపత్రం? ఒక్క చేయి ఊపడం?"

"నీ గుమ్మానికి తాళం నా దగ్గర లేదు కదయ్యా."

"సాకులు! అందరు నాయకులూ ఇంతే." వెనక్కి తిరిగి ఉల్లిపాయలు కోస్తున్నవాళ్లకు వినిపించేలా అరిచాడు. "ఒరేయ్, కౌన్సిలరమ్మ వచ్చింది. అర్జీలుంటే చెప్పుకోండి!"

ఇక చూడండి. సి బ్లాకులో వీధి దీపాలు లేవని ఒకడు, మా కారిడార్లో చెత్తబండి రావట్లేదని ఒకడు, నా ఇంటి ముందు గోడ ఎవరో అక్రమంగా కట్టారు కూలగొట్టించమని ఇంకొకడు. గార్డు వచ్చి గదమాయించేదాకా నవ్వులే. మార్డెల్ కూడా కళ్ల నీళ్లొచ్చేలా నవ్వింది. ఆ వంటింట్లో అలాంటి రోజులు మరెన్నో లేవు.

జనవరి చివర్లో, గట్టు మీద మంచు గాజులా గడ్డకట్టిన పొద్దున, డ్రేపర్‌కు గుండెపోటు వచ్చింది. జైలుకు అంబులెన్స్ లేదు. ఊరికున్నది ఒకే ఒక అంబులెన్స్, దాని షెడ్డు జైలు గేటుకు ఎదురుగానే, రోడ్డుకు అవతల. జైలు ఏటా కొంత సొమ్ము కడుతుంది, పిలిస్తే ఆ బండి లోపలికి వెళ్తుంది, అదీ ఒప్పందం. నిమిషాల మీద వచ్చి డ్రేపర్‌ను లార్కిన్ ఆసుపత్రిలో పడేశారు. బతికాడు.

సరిగ్గా అదే వేళకు పక్కింటి ఆర్లీన్ పోస్టు తెచ్చుకోవడానికి గేటు దాకా వచ్చి, కాలు జారి, తుంటి విరిగి మంచు మీద పడింది. ఊరి బండి లార్కిన్ దారిలో ఉంది. జిల్లా బండి వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. డెబ్బై ఆరేళ్ల మనిషి నలభై నిమిషాలు ఆ మంచులో పడి ఉంది, కుక్క పక్కనే కూర్చుని మొరుగుతూ ఉంది. ఊరు భగ్గుమంది. భగ్గుమనదూ మరి! గ్యారీ స్టెంగెల్ కొట్టు అద్దానికి అట్టముక్క వేలాడింది: "మన బండి మనకే." జైలు ఒప్పందం మార్చి నెలాఖరుకు ముగుస్తుంది. దాన్ని పొడిగించాలా వద్దా అన్నది మార్చి మీటింగులో ఓటుకు రావాలి.

మార్డెల్ నలిగిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆర్లీన్‌కు చారు తీసుకుని వెళ్తే, వాకర్ మీద ఆనుకుని ఆవిడ ముఖం మీదే అడిగింది.

"నీకు ఓటేసింది ఎవరే? నేనా, ఆ హంతకులా?"

"నువ్వే, ఆర్లీన్."

"అది గుర్తుంచుకో చాలు. చారులో ఉప్పు తక్కువైంది."

అవతల డ్రేపర్ కూడా నెల తిరక్కుండానే గంగాళం దగ్గరికి వచ్చేశాడు. బాగా చిక్కిపోయాడు. ఊళ్లో ఏం జరుగుతోందో గార్డుల మాటల్లో వాళ్లకు అన్నీ తెలుస్తూనే ఉంటాయి. ఈసారి వేళాకోళం ఆడలేదు.

"మిస్ మార్డెల్, ఆ ముసలావిడ పడిపోయినందుకు నాకు నిజంగా బాధగా ఉంది. నా మూలాన అనుకుంటేనే నిద్ర పట్టట్లేదు. కానీ ఆ బండి రాకపోతే ఇంకోసారి నేను బతకను. నేనొక్కణ్ణే కాదు, పైన రోగుల గదుల్లో నాలాంటి ముసలాళ్లు చాలామంది ఉన్నారు. ఆ బండికి ఓటెయ్యండి. వీధి దీపాలూ అవీ ఏమీ వద్దు."

"చూద్దాం డ్రేపర్" అంది మార్డెల్.

చూద్దాం! ఆ మాట అన్నవాళ్లు ఎవరైనా తర్వాత చూసిన పాపాన పోయారా?

కర్ర విరగకుండా పాము చావాలన్నట్టు, ఆవిడకు దారి పుస్తకంలో దొరికింది. ఆ వారం పాఠం అధికారుల నీతి నియమాల గురించి. ప్రొఫెసర్ ప్రూయిట్ చెప్పింది: జేబుకూ ఓటుకూ ముడి పడిన చోట ప్రతినిధి పక్కకు తప్పుకోవాలి, ఎందుకు తప్పుకుంటున్నాడో పైకి చెప్పాలి. మార్డెల్ చెయ్యి అందరికంటే ముందు లేచింది.

"ఒక కౌన్సిలర్‌కు ఒక సంస్థ జీతమిస్తోందనుకోండి. ఆ సంస్థ వ్యవహారమే ఓటుకు వచ్చింది. అప్పుడు ఓటెయ్యకూడదు కదండీ?"

"మామూలుగా అయితే తప్పుకోవడమే మర్యాద" అని ప్రొఫెసర్ గడియారం చూసుకుంది. గంట కొట్టేవేళ అయింది. ఏ కౌన్సిలరు, ఏ సంస్థ, ఏ ఓటు అని ఆవిడ అడగలేదు. ఈవిడ చెప్పలేదు.

ఆ సాయంత్రం మార్డెల్‌కు చాలా వారాల తర్వాత ఆకలేసింది. రెండు ముక్కలు చేప వేపుడు ఎక్కువ తింది. నేను ఇటు వాళ్లను మోసం చేయట్లేదు, అటు వాళ్లను మోసం చేయట్లేదు, నియమం పాటిస్తున్నాను, అంతే. పైగా చదువుకున్న మాట. ఎవడు కాదంటాడు?

మార్చి మీటింగుకు హాలు కిక్కిరిసింది. ఆర్లీన్ వాకర్‌తో ముందు వరసలో కూర్చుంది. ఆరుగురు కౌన్సిలర్లు. ఒప్పందం పొడిగించాలని తీర్మానం. స్కూలు నర్సు ఒకావిడ కావాలంది, చర్చి పెద్ద కావాలన్నాడు, పాల ఫ్యాక్టరీ ఫోర్‌మన్ కావాలన్నాడు. మరో ఇద్దరు వద్దన్నారు. మార్డెల్ వంతు వచ్చింది. లేచి నిలబడింది.

"నేను జైలు నుంచి జీతం తీసుకుంటున్నాను. కాబట్టి ఈ ఓటింగుకు దూరంగా ఉంటున్నాను. సభ రికార్డులో రాసుకోవలసిందిగా కోరుతున్నాను."

ఎంత చక్కగా చెప్పింది! కాలేజీ మాటలు. గ్యారీ స్టెంగెల్ ఆవిడ వైపు చూసి మొదటిసారి మర్యాదగా తలాడించాడు. మూడు అటు, రెండు ఇటు, అమ్మయ్య, తీర్మానం నెగ్గింది, డ్రేపర్‌కు బండి ఉంటుంది, ఆర్లీన్ దగ్గర మాట పడక్కర్లేదు అనుకుంటూ మార్డెల్ కూర్చుంది.

"అనుకూలం మూడు. మొత్తం కౌన్సిల్లో సగానికి పైగా కావాలి, అంటే నాలుగు. తీర్మానం వీగిపోయింది" అన్నాడు గ్యారీ. సుత్తి కొట్టాడు.

వాషింగ్టన్‌లో ఏ సభలో ఎన్ని ఓట్లు కావాలో అన్నీ చదివిన మనిషి, తను కూర్చునే హాల్లో ఎన్ని కావాలో చదవలేదు. ఆ నియమాల కట్ట గుమాస్తా బల్ల మీదే ఏడాదిగా పడి ఉంది. గ్యారీకి మాత్రం తెలుసు. తెలిసే అంత మర్యాదగా తలాడించాడు.

మార్డెల్ నోరు తెరిచింది. "నేను... ఆగండి, నేను మార్చుకోవచ్చా?"

"ఓటే వెయ్యలేదు కదా, ఏం మార్చుకుంటావు? తర్వాతి అంశం" అన్నాడు గ్యారీ. ఆ తర్వాత ఆవిడ అన్న మాట చప్పట్లలో ఎవరికీ వినపడలేదు. మర్నాడు ఆర్లీన్ స్వయంగా రుబార్బ్ కాడల తీపి రొట్టె కాల్చి పంపింది. మార్డెల్ దాన్ని కొయ్యలేదు. లైల్ కోసుకుంటే ఊరుకుంది.

ఏప్రిల్ నెలంతా ఆవిడ వంటింట్లో డ్రేపర్ వైపు చూడలేదు. అతనూ అడగలేదు. ఒక్కసారి మాత్రం, గంగాళం కడుగుతూ, "మూడు వచ్చాయట కదా. ఇంకొక్కటి" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. ఎవరు వెయ్యలేదో అతనికి తెలుసో తెలియదో మార్డెల్‌కు అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేదు.

నెలాఖరున ఒక పగటిపూట, మధ్యాహ్నం భోజనాలకు మొక్కజొన్న రొట్టె పొయ్యిలోంచి తీస్తుండగా డ్రేపర్ బల్ల అంచు పట్టుకుని కిందికి జారాడు. మాత్రలు నేలంతా చెల్లాచెదురయ్యాయి. మార్డెల్ మోకాళ్ల మీద కూలబడి ఒక మాత్ర ఏరి అతని నాలుక కింద పెట్టింది. సార్జెంట్ రేడియోలో అరుస్తున్నాడు. జైలు నర్సు పరిగెత్తుకొచ్చి ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది.

"అంబులెన్స్ ఏది?" అంది మార్డెల్.

"లార్కిన్ నుంచి బయల్దేరింది."

"లార్కిన్ నుంచేంటి! ఎదురుగా ఉంది కదా మన బండి! రోడ్డు దాటితే ఉంది!"

సార్జెంట్ ఆవిడ వైపు అదోలా చూశాడు. "రానివ్వరు మార్డెల్. ఒప్పందం లేదని అటు బండ్లు పంపే కంట్రోలు వాళ్లు ఒప్పుకోవట్లేదు. మీరే కదా తీసేసింది."

వంటింటికి పైన వరసగా కిటికీలున్నాయి. ఉల్లిపాయల బల్ల ఎక్కితే గోడ మీదుగా రోడ్డు కనిపిస్తుంది. మార్డెల్ ఎక్కింది, ఎందుకెక్కిందో ఆవిడకే తెలియదు. షెడ్డు తలుపు తెరిచి ఉంది. మంచి ఎండ. ఇద్దరు కుర్రాళ్లు బకెట్టు పెట్టుకుని తీరిగ్గా బండి కడుగుతున్నారు. అద్దానికి కొట్టుకుంటూ ఆవిడ అరిచిన అరుపు గోడ దాటలేదు. ఉల్లిపాయలు కోసేవాళ్లంతా చేతులు తల మీద పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డారు, అలా నిలబడమని హుకుం. వాళ్లలో ఒకడు చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. లార్కిన్ బండి వచ్చేసరికి నర్సు చేతులు ఆగిపోయి చాలాసేపైంది.

మే నెలలో ఆఖరి పరీక్ష. మార్డెల్ ఖాళీ కాగితం ఇచ్చేసి, అందరూ వెళ్లేదాకా కూర్చుంది. తర్వాత జరిగిందంతా ప్రొఫెసర్‌కు చెప్పింది. చెబుతుంటే ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

"మీరు తప్పుకోమన్నారు. తప్పుకోవడమే మర్యాదన్నారు. నేను రాసుకున్నాను."

ప్రొఫెసర్ ప్రూయిట్ కాఫీ పక్కన పెట్టింది. "ఆ బండి వస్తే నీ జీతం ఒక్క డాలరు పెరుగుతుందా?"

"లేదు."

"రాకపోతే తగ్గుతుందా?"

"లేదు."

"అయితే ముడి ఎక్కడుందమ్మా? నువ్వు నన్ను అడిగింది వేరే ప్రశ్న. ఇది అడిగి ఉంటే వెళ్లి ఓటెయ్యమని తరిమేదాన్ని." ఆ ఖాళీ పరీక్ష కాగితాన్ని మడుస్తూ అంది. "నేనూ అడగాల్సింది, ఏ కౌన్సిలరని. గంట కొట్టేవేళ అయిందని ఊరుకున్నాను."

మార్డెల్ కారులో కూర్చుంది గానీ తాళం తిప్పలేదు. ప్రొఫెసర్ మీద కోపం ఎప్పుడో దిగిపోయింది. తనకు నియమం కాదు కావలసింది. ఆర్లీన్‌కు కోపం రాకూడదు, డ్రేపర్‌కు కోపం రాకూడదు, రెండు పక్కలా మంచిదనిపించుకోవాలి. ఉత్త పిరికితనం. దానికి పుస్తకంలో ఒక మర్యాదైన పేరు కనిపిస్తే ఎగిరి గంతేసి పట్టుకుంది. ఆ సంగతి తనకు ఆ రోజు చేప వేపుడు తింటున్నప్పుడే ఎక్కడో తెలుసు. అందుకే అంత ఆకలేసింది. థూ నా బతుకు, అనుకుంది.

జూన్ మీటింగులో హాలు ఖాళీగానే ఉంది. ప్రజలు మాట్లాడే వేళకు వెనక వరస నుంచి ఒక పెద్దావిడ లేచింది. మిల్వాకీ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. ఆదివారం చర్చికి వేసుకునే టోపీ, చేతిలో సంచీ.

"నా పేరు వర్నీస్ డ్రేపర్. క్లీవన్ డ్రేపర్ అక్కను."

"అమ్మా, క్షమించాలి. ఈ సమయం ఊరివాళ్లకే. ఇక్కడి నివాసులు మాత్రమే మాట్లాడాలని రూలు" అన్నాడు గ్యారీ.

"మా తమ్ముడు ఇక్కడివాడే కదయ్యా. పదకొండేళ్లు ఉన్నాడు ఇక్కడ."

"ఆయన మాట్లాడొచ్చేమో గానీ..." అని గ్యారీ నాలుక కరుచుకున్నాడు. ఎంతైనా మనిషే కదా, చెవులు ఎర్రబడ్డాయి.

"ఆవిడ్ని మాట్లాడనివ్వు గ్యారీ" అంది మార్డెల్. "మాట్లాడనివ్వకపోతే నేను ఈ మీటింగు సాగనివ్వను." రూలు ప్రకారం తను అలా అనొచ్చో లేదో ఆవిడకు తెలియదు. ఈసారి తెలుసుకోవాలనీ అనిపించలేదు.

గ్యారీ చేతులు గాల్లోకి ఎత్తి ఊరుకున్నాడు.

"ఎక్కువసేపు తీసుకోను బాబూ" అంది వర్నీస్. "నాకు పొట్లాట అక్కర్లేదు, వాడు చేసిన తప్పు నాకు తెలుసు, వాడికీ తెలుసు. ఒక్క మాట అడిగి పోదామని వచ్చాను. మీలో వాడి కౌన్సిలర్ ఎవరు?"

మార్డెల్ చెయ్యెత్తింది. ఈసారి పక్కవాళ్లను చూడలేదు.

వర్నీస్ నెమ్మదిగా నడుస్తూ బల్ల దాకా వచ్చింది. దగ్గరగా చూసి ముఖం కొంచెం విప్పారింది. "నువ్వేనా వంటింటావిడవు? ఆదివారం ఆదివారం ఫోన్లో నీ మాటే చెప్పేవాడు. మా మిస్ మార్డెల్ కౌన్సిలరైందే అక్కా, పుట్టాక మొదటిసారి మాకంటూ ఒక ఓటుందే అని ఎంత సంబరపడ్డాడో. ఆ బండి సంగతి వచ్చినప్పుడు కూడా, మనావిడ ఉందిలే, భయం లేదు అన్నాడు." ఆవిడ సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "నువ్వు ఎటు వేశావమ్మా?"

గుమాస్తా రాయడం ఆపేసింది. గ్యారీ బల్ల వైపు చూస్తున్నాడు.

"ఎటూ వెయ్యలేదండీ" అంది మార్డెల్.

వర్నీస్‌కు అర్థం కాలేదు. "వెయ్యలేదా? ఒంట్లో బాగాలేదా ఆ రోజు? ఊళ్లో లేవా?"

"ఉన్నానండీ. ఇక్కడే, ఈ కుర్చీలోనే కూర్చునున్నాను."